మూట విప్పకముందే

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆ బోర్డుల వెనక రెండు గల్లీలు దాటి లోపలికి వెళితే రోడ్డు చప్పుడు పల్చబడుతుంది. అక్కడ మూడంతస్తుల బడి ఒకటి ఉంది. ముందు ఇల్లుగా కట్టిందే, తర్వాత బడి అయింది. అందుకే టీచర్లు కూర్చునే గదిలో నల్లరాతి గట్టు, సింకు, గోడకు అరలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు పప్పుడబ్బాలు పెట్టుకున్న అరల్లో ఇప్పుడు పిల్లల నోట్‌బుక్కులు ఉంటాయి.

పొద్దున్నే ఆ బడి తాళం తీసేది ప్రవీణ. ఆమెకు ఇరవై రెండేళ్లు. అయినా ఆ జూన్‌లో చేరిన రోజు నుంచీ ఎల్‌కేజీ పిల్లలు మొదలుకొని కరస్పాండెంట్ రామచంద్రం సార్ దాకా అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలిచారు. అందుకు ఆమె నొచ్చుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి ఏదో ఒకటి మాట్లాడాలి. ఆయమ్మా అని పిలిస్తే పని చెబుతారు, చేసి వస్తే సరిపోతుంది.

మాట్లాడదు కానీ చూస్తుంది. ఏ పాప ఎవరి చెయ్యి పట్టుకుని వస్తుందో, ఏ బాబు టిఫిన్ డబ్బాలో మూడు రోజులుగా అదే ఉప్మా ఉంటోందో, ఏ అన్న తన చెల్లెలికోసం గేటు దగ్గర ఆగుతాడో ఆమెకు తెలుసు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిల్లల్ని తల్లులకూ ఆటోలకూ అప్పగించేది ఆమే. ఐదు వందల మంది పిల్లలు ఆమె మనసులో ఇళ్ల వారీగా సర్దుకుని ఉన్నారు.

అలా సర్దుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. వాళ్ల నాన్న అంతయ్యది ఎల్‌బీ నగర్ దాటాక చింతల్‌కుంటలో ఒక అపార్ట్‌మెంట్ గోడ పక్కన ఇస్త్రీ బండి. ప్రవీణ తొమ్మిదో తరగతి సగంలో ఉండగా తల్లి కిష్టమ్మకు నడుము ఆపరేషన్ అయింది. నలభై ఇళ్ల బట్టలు తండ్రి ఒక్కడి చేతుల మీద నడవవు. ఒక్క నెల బడి మానిపిద్దాం అనుకున్నారు. ఆ నెల ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చూసుకోలేదు. తల్లి నిలబడగలిగేసరికి ప్రవీణ వయసు పిల్లలు ఇంటర్ కూడా దాటిపోయారు. బడి మళ్లీ దొరికింది కానీ చీపురు పట్టుకుని దొరికింది.

ఆ బడిలో ఆమెను పేరుతో పిలిచేది ఒక్క కుసుమకుమారి టీచరే.

కుసుమకుమారిది భీమవరం వైపు. పెళ్లయి వచ్చి పదిహేడేళ్లుగా వనస్థలిపురంలో ఉంటోంది. ఆరు నుంచి తొమ్మిది దాకా సైన్సు చెబుతుంది. ఆమె పాఠం చెబుతుంటే ప్రవీణ ఆ వరండాను కొంచెం ఎక్కువసేపు ఊడ్చేది. తొమ్మిదో తరగతిలో తాను ఆపేసిన చోటు తర్వాత ఏముందో అలా చీపురు పట్టుకునే కొంత వింది. ఒకరోజు టీచర్ తల తిప్పి చూసింది. ప్రవీణ గబుక్కున తుడుపు గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆ క్లాసు తలుపు జానెడు తెరిచి ఉండేది. ఆ జానెడు సందుకు ప్రవీణ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, ఆ టీచర్ కుర్చీని రోజూ రెండుసార్లు తుడిచేది.

పాఠం చెప్పడంలో ఇంత మనిషి, కాగితాల దగ్గరకొస్తే మునిగిపోయేది. నాలుగు తరగతులకు నూట యాభై ఎనిమిది మంది పిల్లలు. ఒక్కొక్కరికి క్లాసుకొకటి, హోంవర్కుకొకటి, రెండు నోట్‌బుక్కులు. అన్నీ దిద్దాలి. వాటి మీద పరీక్ష పేపర్లు, మార్కుల రిజిస్టర్లు, వారం వారం పాఠం ప్రణాళిక. సాయంత్రం నాలుగయ్యేలోగా హోంవర్కు ఫొటోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడాలి. ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఖాళీ పీరియడ్ కూడా పోతుంది. రోజూ రెండు సంచుల నిండా నోట్‌బుక్కులు మోసుకుని ఇంటికి పోయేది, పొద్దున సగమే దిద్ది మోసుకొచ్చేది. మిగతా టీచర్ల సంగతీ అంతే. సాయంత్రం అయ్యేసరికి గట్టు మీద, కుర్చీల మీద, సింకు పక్కన నోట్‌బుక్కులే. అందరూ వెళ్లాక ఆ గది ఊడ్చి, పుస్తకాలు ఎత్తి అరల్లో పెట్టడం ప్రవీణ పని. ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

జూలై నెల సగమయ్యేసరికి కుసుమకుమారి టీచర్‌కు ఏదో అయింది. ఎనిమిదో తరగతి కట్ట దిద్దడానికి కూర్చుంటే మూడు నోట్‌బుక్కులు తక్కువ వచ్చేవి. గదంతా వెతికేది. పిల్లల్ని అడిగితే ఇచ్చాం టీచర్ అనేవారు. వారం తర్వాత ఆరో తరగతి కట్ట విప్పితే అందులో అవే మూడూ ఉండేవి. తొమ్మిదివి ఏడులో, ఏడువి ఆరులో.

"నా చేత్తో నేనే కట్టలు కట్టుకున్నానమ్మా. మళ్లీ నేనే ఎలా కలిపేస్తున్నాను?" అంది ఒకరోజు తల పట్టుకుని.

పక్క కుర్చీలో సోషల్ చెప్పే సూర్యప్రభ టీచర్ ఉంది. హయత్‌నగర్ మనిషి, నోట్‌బుక్కును కాపీ అంటుంది. నోరు పెద్దది, మనసు మంచిది. "కుసుమా, నీ బుర్రల మస్తు సైన్సు నిండింది. జర అంత బయటికి పారబొయ్యి, కాపీలకు జాగా దొరుకుతది," అంది.

"నవ్వకే. మా అమ్మకి కూడా ఇలాగే మొదలైంది, యాభై దాటాక. నాకు నలభై మూడే."

"మీ అమ్మ నూట యాభై మంది పోరగాండ్ల కాపీలు దిద్దిందా? లేదు గదా. ఇది మతిమరుపు కాదు తల్లీ, మన నౌకరీ."

కుసుమకుమారి నవ్వింది గానీ ఆ వారమే డాక్టర్ దగ్గరకు వెళ్లింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎర్ర మాత్ర వేసుకోవడం ప్రవీణ చూసింది. నీళ్ల గ్లాసు ముందే తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది.

ఆగస్టు మొదటి సోమవారం కరస్పాండెంట్ గదిలోకి టీ తెమ్మన్నారు. ప్రవీణ మూడు కప్పులతో వెళ్లింది. రామచంద్రం సార్ ఎదుట కుసుమకుమారి టీచర్ నిలబడి ఉంది. కుర్చీలో ఎనిమిదో తరగతి అభిలాష్ వాళ్లమ్మ.

"సార్, ఎల్లుండి పరీక్ష. పోరడు దేన్ల జూసి చదవాలె? కాపీ మేడంకిచ్చి పదకొండు రోజులాయె. ఇది రెండోసారి," అంటోంది ఆమె.

రామచంద్రం సార్ వాళ్లది అక్కడి పాత కుటుంబం. ఆ గల్లీలన్నీ చేలుగా ఉన్నప్పుడు అందులో కొన్ని వాళ్లవి. గొంతు పెంచే మనిషి కాదు. "మేడం, ఏమంటరు?" అన్నాడు.

"నా పొరపాటేనండీ," అంది టీచర్. "వెతికి ఇస్తాను."

"రెండు నెలలసంది ఇదే జవాబు చెప్తున్నరు. శనివారం కాపీల తనిఖీ పెడుతున్న. మీ నాలుగు క్లాసులయి క్లాస్‌వర్కు కాపీలు హాల్ల పెట్టురి. ఒక్కటి తక్కువున్నా ఎనిమిది, తొమ్మిది క్లాసులు వేరేటోళ్లకిస్త. మీరు చిన్న క్లాసులు చూసుకుందురు గని."

టీ కప్పు బల్ల మీద పెడుతున్న ప్రవీణ చెయ్యి ఆగింది. అభిలాష్ నోట్‌బుక్కు ఎక్కడుందో ఆమెకు తెలుసు. కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఆరో తరగతి అరలో, కింది నుంచి నాలుగోది. దాని మీద అదే రకం అట్ట, అదే పువ్వుల లేబుల్‌తో అభిలాష్ చెల్లెలి నోట్‌బుక్కు. రెండూ పక్కపక్కనే ఉండాలని తనే పెట్టింది.

ఒక ఇంటి బట్టలు ఒక మూటలోనే ఉండాలి. అది ఇస్త్రీ బండి దగ్గర ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. అన్న చొక్కా ఒకచోట, చెల్లెలి గౌను ఒకచోట పెట్టరాదు. ఇంటికి పోయేటప్పుడు ఒకరివి అంది ఒకరివి అందకపోతే మాట వస్తుంది. రోజూ సాయంత్రం గట్టు మీద చెల్లాచెదరుగా పడివున్న కుసుమకుమారి టీచర్ నోట్‌బుక్కులు ఎత్తుతూ, గేటు దగ్గర కలిసి వెళ్లే అన్నదమ్ములవి, అక్కచెల్లెళ్లవి కనబడితే జత చేసింది. టీచర్‌కు సాయం అనుకునే చేసింది. తొమ్మిది జతలు. రెండు నెలలు.

చెప్పాలని నోరు తెరిచింది. మాట రాలేదు. ఖాళీ పళ్లెం పట్టుకుని మెట్లెక్కి, ఆ నోట్‌బుక్కు తీసి టీచర్ బల్ల మధ్యలో పెట్టి, గది బయటికి వచ్చి నిలబడింది. దొరికితే బాధ తీరుతుంది కదా అనుకుంది.

టీచర్ వచ్చి చూసింది. కుర్చీలో కూలబడింది.

"ఇక్కడే ఉంది, ప్రభా. నా బల్ల మీద, నా కళ్ల ముందు. పొద్దున్నుంచి ఇక్కడే వెతికాను." ఆ నోట్‌బుక్కును దూరంగా జరిపింది. "ఇంక నాకు పిల్లల్ని అప్పగించకూడదు. శనివారం వాళ్లు తీసేసేదాకా ఎందుకు? నేనే కాగితం రాసిచ్చేసి వెళ్లిపోతాను."

సూర్యప్రభకు ఈసారి హాస్యం తోచలేదు. కుసుమకుమారి ఒక తెల్లకాగితం తీసి నాలుగు వరుసలు రాసి, మడిచి, టిఫిన్ సంచిలో పెట్టుకుంది. తలుపు వారగా నిలబడిన ప్రవీణ అదంతా చూసింది. నోట్‌బుక్కు తెచ్చి పెట్టింది గానీ, ఒక్క మాట తీసి పెట్టలేకపోయినందుకు టీచర్ తన బుర్ర మీద తనే నమ్మకం పోగొట్టుకుంది.

ఆ సాయంత్రం చింతల్‌కుంటలో బస్సు దిగేసరికి చినుకులు పడుతున్నాయి. అంతయ్య బండి మీద పరదా లాగి కడుతున్నాడు. ప్రవీణ వెళ్లి రెండో కొస పట్టుకుంది.

"ఏమాయె బిడ్డా, మొఖం గట్లున్నది?" అన్నాడు.

ఆమె చెప్పింది. తండ్రికి చెప్పడానికి కూడా చాలాసేపు పట్టింది. అంతయ్య ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి విన్నాడు. చివరికి, "మూటలు మంచిగనే కట్టినవ్. ఇల్లు తప్పు జూసినవ్," అన్నాడు.

"ఇప్పుడు చెప్తే నౌకరీ పోతది నానా."

"పోతె పోతది. పట్టుచీర సంగతి యాదికుందా, మూడో అంతస్తోళ్లది?"

ప్రవీణకు యాదికుంది. ఆ చీర పొరపాటున ఐదో అంతస్తు మూటలో వెళ్లింది. అంతయ్యకు ఆ మధ్యాహ్నం అన్నం ముద్ద చేతిలో ఉండగా తట్టింది. చెయ్యి కడుక్కుని అలాగే మెట్లెక్కి రెండిళ్లకూ వెళ్లి చెప్పి వచ్చాడు.

"ఆ దినం వాళ్లింక మూట ఇప్పలే," అన్నాడు అంతయ్య. "తప్పు ఉంటే వాళ్లు మూట ఇప్పకముందే మనం పోయి చెప్పాలె. ఇప్పినంక చెప్తే అది చెప్పుడు గాదు బిడ్డా, దొరుకుడు. శనివారం దాక ఆగకు."

మర్నాడు ప్రవీణ తాళం తీసి గేటు దగ్గరే నిలబడింది. బస్సులో ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ చేతిలో నలిగి ఉండలా అయింది. కుసుమకుమారి టీచర్ రెండు సంచులతో గల్లీ మలుపు తిరిగింది. ప్రవీణ ఎదురెళ్లి సంచులు అందుకుంది. మెట్లెక్కుతున్నంతసేపూ మాటలు కూర్చుకుంది. పైకి వెళ్లాక ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు ఆమె తనకు చేతనైన పని చేసింది. అరల్లోంచి కట్టలన్నీ దించి నేల మీద పెట్టింది. ఆరో తరగతి కట్టలో చెయ్యి పెట్టి ఒక ఎనిమిదో తరగతి నోట్‌బుక్కు తీసింది, ఆ పిల్లవాడి చెల్లెలిది పక్కన పెట్టింది. ఏడో తరగతిలోంచి ఒక తొమ్మిదో తరగతిది. ఎక్కడా వెతకలేదు, తడుముకోలేదు. మిగిలిన ఎనిమిది జతలూ నేల మీద పరిచింది.

కుసుమకుమారి చూస్తూ నిలబడిపోయింది. "ఇవి... నీకెలా తెలుసు?"

"నేనే కలిపిన టీచర్." ఆ మూడు ముక్కలు వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "మీకు మతిమరుపు లేదు. జూన్ల నుంచి నేనే. అన్నాచెల్లెండ్లవి ఒక్కతాన ఉండాలె అనుకున్న. నిన్న ఆ కాపీ మీ బల్ల మీద పెట్టింది గూడ నేనే. చెప్పనీకె నోరు రాలే."

కింద ఎవరో పిల్లవాడు బోరింగు కొడుతున్న చప్పుడు. ప్రవీణ తిట్లకోసం తల వంచుకుని నిలబడింది.

తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే టీచర్ గట్టుకు ఆనుకుని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది ప్రవీణ. చేతులు తీస్తే నవ్వుతోంది. కళ్ల నిండా నీళ్లు.

"నాకేం కాలేదన్నమాట," అంది. "ప్రవీణా, నాకేం కాలేదు కదూ?"

"ఏం కాలే టీచర్."

"రెండు నెలల నుంచి మా ఆయన్ని రోజూ అడుగుతున్నానే, గ్యాస్ కట్టేశానా కట్టేశానా అని. ఆయనకి విసుగొచ్చి వంట తనే చేస్తానన్నారు." మళ్లీ నవ్వింది. కళ్లు తుడుచుకుంది. కోపం రావలసిన చోట ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కాస్త తేరుకున్నాక అడిగింది. "సరే గానీ, ఒక్కతాన ఉండాలని ఎందుకనిపించింది?"

"ఒక ఇంటి బట్టలు విడదీయరు టీచర్."

"మరి బడిలో ఇల్లు ఏది?"

ప్రవీణ నేల మీది కట్టల వంక చూసింది. రాత్రంతా తండ్రి మాట మెదులుతూనే ఉంది. "క్లాసు," అంది మెల్లగా. "ఇక్కడ క్లాసే ఇల్లు."

కుసుమకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ నాన్న ఎన్నిళ్ల బట్టలు చూస్తాడు?"

"నలభై మూడు."

"ఏవీ పోవూ?"

"రెండేండ్ల కింద ఒక లుంగీ పోయింది. అది కోతి ఎత్తుకపోయింది టీచర్, మా నాన్న పోగొట్టలే."

"నలభై మూడిళ్లలో ఒక లుంగీ. నాకు నాలుగే ఇళ్లు, ప్రవీణా. ఎలా చేస్తాడో చెప్పు."

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. బడిలో చేరాక ప్రవీణ అంతసేపు మాట్లాడటం అదే మొదలు. మూట ఇచ్చేవాళ్ల ముందే, విప్పకముందే లెక్కపెట్టాలని చెప్పింది. ఏ ఇంటి మూట ఆ ఇంటి పాత దుప్పట్లోనే కడతారని, దుప్పటి చూస్తే ఇల్లు తెలిసిపోతుందని చెప్పింది. ఒక మూట ముడి పడేదాకా రెండోది విప్పరు. ముట్టనివి ఒకచోట, నీళ్లు చల్లినవి ఒకచోట, ఇస్త్రీ అయినవి ఒకచోట. గుండీ ఊడి ఉంటే తీసుకునేటప్పుడే గుమ్మంలో చెప్పాలి, తిరిగిచ్చేటప్పుడు చెబితే మన మీదే పడుతుంది. "ఇంకోటి టీచర్. ఎన్ని చేయగలుగుతడో అన్నే తీసుకొస్తడు మా నాన్న. నలభై మూడిండ్లయి ఒక్కనాడే తేడు. ఏ ఇల్లు ఏ వారమో వాళ్లకూ ఎరికే."

ఆ చివరి మాట దగ్గర కుసుమకుమారి పెన్ను ఆగింది. సోమవారం వచ్చిందంటే నాలుగు తరగతులవీ ఒకేసారి తెమ్మనేది తను. అన్నీ చూసేస్తే పని అయిపోతుందని. పదిహేడేళ్లుగా ఏ వారమూ అయిపోలేదు.

బెల్లు కొట్టే వేళయింది. ప్రవీణ పరుగెత్తింది.

మిగిలింది నాలుగు రోజులు. మర్నాడు కుసుమకుమారి ఇంట్లోంచి నాలుగు పాత గుడ్డలు తెచ్చింది. ఆరో తరగతికి పసుపు దుప్పటి ముక్క, ఏడుకు కిటికీ పరదా, ఎనిమిదికి వెలిసిపోయిన నీలం చీర. తొమ్మిదికి ఏమీ దొరక్క వాళ్లాయన గళ్ల లుంగీ. ప్రతి క్లాసులో ఒక పిల్ల హాజరు నంబర్ల వరుసలో నోట్‌బుక్కులు పేర్చి, దిద్దవలసిన పేజీ దగ్గర తెరిచి, టీచర్ ముందే లెక్కపెట్టి ఇచ్చేది. రానివాళ్ల నంబర్లు చీటీ మీద రాసి మూట మీద గుచ్చేది. గోడకున్న అరల్లో మూడింటికి పని వచ్చింది: ముట్టనివి, దిద్దుతున్నవి, అయినవి. ఒక్కొక్క క్లాసూ పై అరలోంచి కిందికి దిగుతూ వచ్చింది. ఖాళీ పీరియడ్‌లో ఒక్క మూటే బల్ల మీద ఉండేది.

సూర్యప్రభ మొదటిరోజు నవ్వింది. రెండోరోజు కొంచెం ముందుకు వంగి చూసింది. మూడోరోజు, "ఆయమ్మా, నా కాపీలకింక నీళ్లు గూడ చల్లలే. నాకూ ఒక గుడ్డ తేవాల్నా?" అంది.

ఆ పక్కనే కూర్చున్న కుసుమకుమారి తలెత్తకుండానే దిద్దుతూ, "దాని పేరు ప్రవీణ," అంది.

శనివారం హాల్లో బల్లలు వరుసగా వేశారు. మిగతా టీచర్ల నోట్‌బుక్కులు కుప్పలుగా, ఈ నాలుగు మాత్రం మూటలుగా ఉన్నాయి. రామచంద్రం సార్ వచ్చి తొమ్మిదో తరగతి ముందు ఆగాడు.

"గిదేంది మేడం, కాపీలు లుంగీ కట్టుకున్నయి?"

"మా వారిదండీ. పాతదే."

ఆయన నవ్వలేదు. ఎనిమిదో తరగతి నీలం మూట మీద చెయ్యి పెట్టాడు. ముడి వంక చూశాడు. "ఈ ముడి ఎవలు కట్టిన్రు?"

కుసుమకుమారి ముందే చెప్పింది ప్రవీణకు, సార్‌తో ఏమీ చెప్పక్కర్లేదు, నేను చూసుకుంటాను అని. ప్రవీణ నీళ్ల కూజా పట్టుకుని గోడ వారగా ఉంది. హాల్లో పదకొండు మంది టీచర్లు. ముడి ఇంకా విప్పలేదు. విప్పాక చెప్పడానికి ఏమీ ఉండదు.

"నేనే కట్టిన సార్," అంది. కూజా కింద పెట్టింది. "ఇన్ని దినాలు మేడం కాపీలు కలిపింది గూడ నేనే. తెల్వక కలిపిన. మేడం తప్పు ఒక్కటి గూడ లేదు."

రామచంద్రం సార్ ఆమె వైపు తిరిగాడు. ఆమె గొంతు ఆయన వినడం అదే మొదటిసారి కావచ్చు. "మేడం నీ పేరు చెప్పలే గదా. నువ్వెందుకు చెప్తున్నవ్?"

"మీరు ఇప్పినంక చెప్తే చెప్పినట్టు కాదు సార్."

ఆయన ముడి విప్పాడు. లెక్కపెట్టాడు. నలభై ఒకటికి నలభై వచ్చాయి.

"ఒకటి తక్కువుంది."

"చీటీ చూడండి," అంది కుసుమకుమారి. చీటీ మీద ఉంది: పదిహేడు, జ్వరం, బుధవారం నుంచి రాలేదు. ఆయన రిజిస్టర్ తెప్పించి చూశాడు. పదిహేడో నంబర్‌కు బుధవారం నుంచి ఖాళీయే. నాలుగైదు నోట్‌బుక్కులు తిప్పాడు. చివరి పాఠం దాకా దిద్ది ఉంది. మిగతా మూడు మూటలూ విప్పాడు. ఏ ఇంటివి ఆ ఇంట్లోనే ఉన్నాయి.

"మేడం, ఆ దినం పేరెంట్ ముంగట నా పొరపాటే అన్నరెందుకు మరి?"

"నాదే అనుకున్నానండీ."

"నేను గూడ మీదే అనుకున్న," అన్నాడు ఆయన. క్షమాపణ ఆయన దగ్గర ఆ రూపంలోనే ఉంది. కుసుమకుమారికి అది సరిపోయింది. "ఎనిమిది, తొమ్మిది మీ దగ్గర్నే ఉంటయి." ఇంకో బల్ల దగ్గరకు నడుస్తూ, సూర్యప్రభ టీచర్ కుప్ప చూసి ఆగాడు. "ప్రవీణా, ఈ మేడంకు గూడ జర ఆ ముడి నేర్పు."

సూర్యప్రభ చెంగు అడ్డుపెట్టుకుని, "సార్, మా ఇంట్ల లుంగీలు లేవు, అన్నీ ప్యాంట్లే," అంది. అప్పుడు నవ్వాడు ఆయన.

ఆ మధ్యాహ్నం టిఫిన్ సంచి సర్దుకుంటూ కుసుమకుమారి మడత కాగితం బయటికి తీసింది. వెనక వైపు తెల్లగా ఉంది. అది నాలుగు ముక్కలుగా చింపి, చీటీలకు పనికొస్తాయని ప్రవీణ చేతిలో పెట్టింది. చాలా ఏళ్లకు మొదటిసారి ఒక్క సంచీతో గేటు దాటింది. రెండో చెయ్యి ఏం చేయాలో తెలియనట్టు ఊగుతూ వెళ్లింది.

ఆదివారం పొద్దున్నే చింతల్‌కుంటలో ఇస్త్రీ బండి ముందు ఒక ఆటో ఆగింది. బొగ్గులు రాజేస్తున్న ప్రవీణ తలెత్తి, టీచర్‌ను చూసి, ఏం చేయాలో తోచక బండి వెనక్కి జరిగింది.

"అంతయ్య గారంటే మీరేనాండీ?" అంది కుసుమకుమారి.

అంతయ్య ఎడమా కుడీ చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ గల్లీలో ఆయన్ని పై అంతస్తుల నుంచి ఇస్త్రీ అని కేకేశారు, అంతయ్యా అన్నారు, పిల్లలు ఇస్త్రీ తాత అన్నారు. గారు అనే మాట ఆయన పేరు పక్కన ఎవరూ పెట్టలేదు.

"నేనే అమ్మా," అన్నాడు చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"మీ పద్ధతి మా బడిలో నడుస్తోందండీ. నూట యాభై ఎనిమిది మంది పిల్లలు. ఒక్క పుస్తకం తప్పిపోవట్లేదు. చెప్పి వెళదామని వచ్చాను."

"మాదేమున్నదమ్మా, బట్టల పని. బిడ్డ మొదలు తప్పు జేసింది."

"చేసింది. విప్పకముందే వచ్చి చెప్పింది. అది మీరు నేర్పిందే కదండీ."

అంతయ్య ఇస్త్రీపెట్టె ఎత్తి మళ్లీ దించాడు. ప్రవీణకు మాట రానితనం ఎక్కడి నుంచి వచ్చిందో కుసుమకుమారికి అప్పుడు తెలిసి ఉంటుంది. ఆమె ఇక పొగడకుండా, చేతి సంచిలోంచి ఒక నూలు చీర తీసి బల్ల మీద పెట్టింది. "రేపు బడికి కట్టుకోవాలి," అంది.

చీర చూడగానే అంతయ్య మళ్లీ అంతయ్య అయ్యాడు. దాని అంచు సవరించాడు. కొంగు తిప్పి, చిరుగు ఏమైనా ఉందేమో చూశాడు. ఎంత పెద్దవాళ్లు తెచ్చినా, ఒక్క బట్టే తెచ్చినా, ఆయన పద్ధతి ఆయనదే.

"లెక్కపెట్టిచ్చి పోరి అమ్మా," అన్నాడు.

కుసుమకుమారి ఆ ఒక్క చీర మీద చెయ్యి వేసి, క్లాసులో హాజరు పిలిచేటంత శ్రద్ధగా, "ఒకటి," అంది.

బండి వెనక నుంచి ప్రవీణ కూడా, వినిపించేంత గట్టిగానే, "ఒకటి," అంది.